అమ్మాజీ రెండో క్యాసెట్టు

మా చెల్లెలు అమ్మాజీ గురించి మామిడికుదురులో ఎవరిని అడిగినా ఒకే ముక్క చెబుతారు. కువైట్ వెళ్ళింది, డాబా కట్టింది, పేటకి మొదటి కలర్ టీవీ తెచ్చింది అని. అబద్ధమేమీ కాదు. కానీ ఒక బొమ్మల సినిమా కోసం తను నాలుగు నెలలపాటు పేట మొత్తంతో పోట్లాడిందని, పక్కన నిలబడే మనిషి ఒక్కరు లేకపోయినా మాట మార్చలేదని ఎవరూ చెప్పరు. వాళ్ళకి గుర్తు లేదు. నాకెందుకు గుర్తుందంటే, ఆ పోట్లాటలో తనకి ఎదురు నిలబడ్డవాళ్ళలో అందరికన్నా మొండిదాన్ని నేనే.

నా పేరు హన్నా. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా తాతలు రైతుల దగ్గర పాలేళ్ళు, మా నాన్న కొబ్బరి పీచు మిల్లులో కూలీ. మిషన్ బడి పుణ్యమా అని నాకు చదువొచ్చింది. నిజం చెప్పాలంటే అమ్మాజీకి నాకన్నా బాగా వచ్చేది. నేను రాజమండ్రిలో ట్రైనింగు చేస్తుండగా అమ్మ మంచాన పడింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అని అమ్మాజీని ఎనిమిదో తరగతిలో మానిపించారు. తనని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత తనకి ప్రభాకరరావుతో పెళ్ళయింది. రైసు మిల్లులో ఇంజను చూసేవాడు, నెమ్మదైన మనిషి. డెబ్బై ఎనిమిదిలో పచ్చకామెర్లతో పోయాడు. అప్పటికి వాళ్ళ కూతురు లీలావతికి ఆరు నెలలు. మరుసటి ఏడు అమ్మాజీ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మా పేట నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళలో తను మూడో మనిషి. పిల్లని నా చేతికిచ్చి బస్సెక్కబోతూ ఒక్క మాట అంది.

"అక్కా, దీన్ని నన్ను మర్చిపోనియ్యకు."

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకూ మా ఆయన సుందరరావుగారికీ అప్పటికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఆ పిల్లని చేతుల్లోకి తీసుకున్నప్పుడు, నా చెల్లెలు ఏడుస్తూ వెళ్ళిపోతుంటే, నాకు లోపల సంతోషం కలిగింది. అందుకు సిగ్గుపడ్డాను కానీ సంతోషం మాత్రం ఆగలేదు.

మాట నిలబెట్టుకోవాలని చాలా ప్రయత్నం చేశాను. అప్పట్లో గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఉత్తరాల కన్నా క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. టేపురికార్డరు ముందు కూర్చుని ఇంటి కబుర్లన్నీ చెప్పి, ఆ క్యాసెట్టుని అటు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. అక్కణ్ణుంచి జవాబు కూడా అలాగే వచ్చేది. అమ్మాజీ పంపిన టేపురికార్డరు బల్ల మీద పెట్టి, లీలని ముందు కూర్చోబెట్టి, "అమ్మతో మాట్లాడు, అమ్మకి పాట పాడు" అనేదాన్ని. జవాబు క్యాసెట్టు వస్తే "రా, అమ్మ మాట్లాడుతోంది" అని పిలిచేదాన్ని. పిల్ల బుద్ధిగా వచ్చి కూర్చునేది. బడిలో అరవై మందికి పాఠం చెప్పే నేను చేసిన పొరపాటు ఎనభై రెండులో బయటపడింది. అమ్మాజీ నెల సెలవు మీద వచ్చి, గుమ్మంలో నిలబడి చేతులు చాచింది. ఐదేళ్ళ లీల తనని ఎగాదిగా చూసి, లోపలికి పరుగెత్తి, టేపురికార్డరు మీద చెయ్యి వేసి చెప్పింది.

"అమ్మా, ఎవరో కువైటామె వచ్చేరు."

ఆ పెట్టెనే అమ్మ అనుకుంటోంది పిల్ల. అందరూ నవ్వారు. అమ్మాజీ కూడా నవ్వింది. ఆ నెలంతా లీల తనని "కువైటమ్మ" అని పిలిచింది. నన్ను మాత్రం అమ్మా అనేది. నేను దిద్దాను, దిద్దలేదని కాదు. కాకపోతే ఎంత గట్టిగా దిద్దానో నాకు తెలుసు, దేవుడికి తెలుసు.

ఎనభై ఏడు జనవరిలో అమ్మాజీ ఇంక వెళ్ళనని వచ్చేసింది. కాలవ అవతల కొన్న స్థలంలో రెండు గదుల డాబాకి పునాది వేయించి, అది లేచేదాకా మా ఇంట్లోనే ఉంది. చర్చి సంఘ పెద్దలు వచ్చి కూర్చుని, జూన్‌లో బడులు తెరిచే వేళకి డాబా పూర్తవుతుంది కనక అప్పుడు పిల్ల తల్లితో వెళ్ళాలని తేల్చారు. న్యాయమైన మాటే. నేను అందరికన్నా ముందు "అలాగేనండి" అన్నాను. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.

సామానుతో పాటు టీవీ, వీడియో డెక్కు, రెండు క్యాసెట్లు వచ్చాయి. ఆ క్యాసెట్ల కథేమిటంటే, అమ్మాజీ పనిచేసిన ఇంట్లో ఇద్దరు పిల్లలు. సాయంత్రమయ్యేసరికి టీవీలో జపానువాళ్ళు గీసిన బొమ్మల సినిమాలు వచ్చేవట, మాటలు మాత్రం అరబ్బీలో. పిల్లలకి అన్నం తినిపిస్తూ ఆ టీవీ ముందే తను అరబ్బీ నేర్చుకుంది. రాయడం చదవడం రాదు గానీ, వింటే ఒక్క ముక్క పోనిచ్చేది కాదు. వచ్చేముందు ఆ ఇంటి పెద్దపిల్ల తనకి ఇష్టమైన కథని టీవీ నుంచి పట్టిన రెండు క్యాసెట్లు తెచ్చి అమ్మాజీ పెట్టెలో పెట్టిందట. ఒకటి మొదటి భాగం, ఒకటి రెండో భాగం.

ఆదివారం చర్చి అయ్యి భోజనాలయ్యాక మా వరండాలో ఆట మొదలయ్యేది. అమ్మాజీ టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఒక్కో మాటా తెలుగులో చెప్పేది. మొదటి క్యాసెట్టుకి పేట పేటంతా ఊగిపోయింది. అందులో తాటిచెట్టంత ఇనప మనిషి ఒకడు. వాడి గుండెలో కూర్చుని ఒక పడుచువాడు నడుపుతుంటాడు. చుక్కల్లోంచి రాకాసులు పళ్ళాల్లాంటి విమానాల్లో దిగుతారు, వాడు వాళ్ళని ఇరగ్గొడతాడు. చివర్న ఊరిని కాపాడి తనే ముక్కలైపోతాడు. పిల్లలు వాడికి "ఇనప దొర" అని పేరు పెట్టారు. కొబ్బరి దింపులు తీసే రాఘవులు నాలుగు ఆదివారాలు అదే చూసి, ప్రతిసారీ ఇనప దొర ముక్కలయ్యే చోట తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఐదో ఆదివారం అమ్మాజీ రెండో క్యాసెట్టు పెట్టింది. అందులో యుద్ధం లేదు. యుద్ధమయ్యి ముప్పై ఏళ్ళయింది. ఇనప దొర ముక్కల్ని కరిగించి మనిషంత మరలు చేశారు. ఆ ఊరి తల్లులందరూ పనికోసం చుక్కల్లోకి వెళ్ళిపోయారు, ఏళ్ళ తరబడి రారు. వాళ్ళ పిల్లల్ని ఆ మరలు పెంచుతుంటాయి. అందులో ఒక మర, ఒక ఆడపిల్ల. కథంతా వాళ్ళిద్దరి మధ్యే. మర అన్నం వండుతుంది, పిల్ల జ్వరం చూస్తుంది, కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తుంది. మధ్యలో పెద్దలు పిలిచి అడుగుతారు: నీకు ఈ పిల్ల మీద ప్రేమ ఉందా, లేక ఉన్నట్టు నిన్ను తయారు చేశారా అని. అది చాలాసేపు ఆలోచించి, "నాకు తెలీదు. మీకెలా తెలిసింది?" అని అడుగుతుంది.

ఇరవై నిమిషాలయ్యేసరికి వరండా సగం ఖాళీ. ఇంకో పది నిమిషాలకి రాఘవులు లేచి నిలబడ్డాడు.

"అమ్మాజీగారండీ, ఇదేం అన్యాయవండి? అంతోణ్ణి, ఆ ఇనప దొరని, కరగబెట్టి పిల్లలకి అన్నం వొండే మరని చేసేత్తారా?"

"యుద్ధం అయిపోయేక ఆ ఇనుం ఏం చెయ్యాలి రాఘవులూ? గోదాట్లో పారెయ్యాలా?" అంది అమ్మాజీ.

"ఏదో ఒకటి చెయ్యండి. దీంట్లో దెబ్బలాటే లేదు కదండీ."

"ఉంది. నీకు కనపడట్లేదు. మొదటిదాంట్లో ఎవరు గెలుస్తారో పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. దీంట్లో ఎవరు గెలవాలో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఏది పెద్ద దెబ్బలాటో చెప్పు."

రాఘవులు చెప్పులు వేసుకున్నాడు. మెట్ల మీద ఆగి, నా వైపు తిరిగి, "టీచరుగారండీ, ఇంట్లో ఉన్నదే చాల్లేదాండి, మళ్ళీ టీవీలో కూడా ఎందుకండి?" అని వెళ్ళిపోయాడు. అతని భార్య లోవమ్మ కువైట్ వెళ్ళి మూడేళ్ళయింది. ఇద్దరు పిల్లలకీ అతనే వండి పెడుతున్నాడు. పేటలో చాలామంది ఆ క్యాసెట్టుని తిట్టడానికి కారణం అదేనని నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం నేనూ వాళ్ళతో చేరి నవ్వాను.

పేటవాళ్ళు దానికి "ఏడుపు క్యాసెట్టు" అని పేరు పెట్టారు. అమ్మాజీ మాత్రం వదల్లేదు. ఇనప దొర కావాలంటే ముందు అరగంట ఇనపమ్మని చూడాలని షరతు పెట్టింది. ఇనపమ్మ అన్నది తను ఆ మరకి పెట్టుకున్న పేరు. జనం అరగంట ఆలస్యంగా రావడం మొదలెట్టారు. అప్పుడు తను ఇంకో ఎత్తు వేసింది. మొదటి క్యాసెట్టు పెట్టి, రాకాసి కత్తి ఎత్తిన చోట టక్కున ఆపి, రెండోది దూర్చేది. పెద్ద గోల అయ్యేది. "అమ్మాజీగారూ, కత్తి దింపించండి బాబూ!" అని అరిచేవారు. తను వినిపించుకోకుండా, వాన చూస్తున్న ఇనపమ్మ మనసులో ఏముందో చెప్పుకుపోయేది. ఒకసారి సంఘ పెద్ద దానంగారు వచ్చి గంభీరంగా కూర్చుని, మరకి ఆత్మ ఉండదు, ఇలాంటివి పిల్లలకి చూపించకూడదు అన్నారు.

"ఆయ్, ఆ కథలోనూ అదే అడుగుతున్నారండి. తెలీదని చెప్తుందండి ఆ మర. తెలీదన్నోళ్ళ మీద కోపం దేనికండి? తెలుసన్నోళ్ళతోనే కదండి మనకి చిక్కు" అంది అమ్మాజీ. దానంగారు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం రోజురోజుకీ మంట పెరిగింది. ఎందుకంటే లీల ఆ క్యాసెట్టు చూస్తోంది. జనమంతా పోయినా తను మాత్రం టీవీకి రెండడుగుల దూరంలో కూర్చుని, "కువైటమ్మా, ఇప్పుడు ఇనపమ్మ ఏవంది?" అని అడుగుతోంది. వాళ్ళిద్దరి మధ్యా ఆ పీట దగ్గర ఏదో అల్లుకుంటోంది. నేను వంటింట్లోంచి చూస్తూ గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. అమ్మాజీ ఎందుకు ఇంత పట్టుపడుతోందో నాకు తెలుసనుకున్నాను. పరాయి పిల్లల్ని జీతానికి పెంచింది కదా, ఆ ఇనపమ్మ తనే, జీతానికి చేసినా ప్రేమ ప్రేమేనని లోకానికి చెప్పుకుంటోంది అనుకున్నాను. అక్కడితో ఆగలేదు నేను. నా పిల్ల ముందు కూర్చుని ఆ పరాయి పిల్లల కథ చెప్పుకోవడం ఏమిటని కోపం తెచ్చుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అనేశాను కూడా.

"ఆపవే ఆ దిక్కుమాలిన ఏడుపు. కథ కాదు, కాకరకాయ కాదు. మొదటిది చూసి చేతులు దులుపుకోవాలి గానీ, దానికి తోక తగిలించిన వాణ్ణి అనాలి."

"చివరిదాకా చూసేవా అక్కా?"

"చూడక్కర్లేదు."

"చూడకుండా ఎలా అంటున్నావ్? నువ్వు పిల్లల పేపర్లు చదవకుండానే మార్కులేస్తావేంటి?"

నాకు ఒళ్ళు మండింది. "నీ కువైట్ పిల్లల మీద నీకంత ప్రేమ ఉంటే అక్కడే ఉండాల్సింది" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ మాట వెళ్ళిపోయింది. అమ్మాజీ ఇత్తడి చెంబు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నాకు ఎప్పటిలాగే కాఫీ కలిపి ఇచ్చింది. అది నాకు తిట్టినదానికన్నా ఎక్కువ బాధగా అనిపించింది.

మే నెల మొదట్లో నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. జూన్‌లో లీల కాలవ అవతలికి వెళుతుంది. నేను ఇవతల గట్టు మీద కనిపిస్తూ ఉంటే పిల్ల ఏ ఇంట్లోనూ కుదురుగా ఉండదు. అమ్మా అని నన్నే పిలుస్తుంది, కువైటమ్మా అని తల్లిని పిలుస్తుంది, ఆ తల్లి మొహం చూస్తూ నేను బతకాలి. దానికన్నా నేనే దూరంగా పోతే నయం. రెండేళ్ళు కనపడకపోతే పిల్లలు మర్చిపోతారు, అది నేను కళ్ళారా చూసిందే. గోదావరి దాటి ఆలమూరు బడిలో ఖాళీ ఉందని తెలిసి బదిలీకి దరఖాస్తు పెట్టాను. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన "సంతకం పెట్టేసేవా?" అని అడిగారు. పెట్టేశానన్నాను.

మే మూడో ఆదివారం అమ్మాజీ అందరినీ పిలిచి, ఇవాళ రెండో క్యాసెట్టు చివరిదాకా వేస్తాను, ఆ తర్వాత ఇంక జన్మలో అడగను అంది. అప్పటిదాకా ఎవరూ దాని చివర చూడలేదు. అరగంటకే లేచిపోయేవారు, లేకపోతే కరెంటు పోయేది. లీల ఒక్కతే మిగిలినప్పుడు కూడా, చివరికి వచ్చేసరికి అమ్మాజీ ఆపేసేది. ఆ రోజు నిజంగానే చాలామంది వచ్చారు, ఆ పీడ వదులుతుందన్న ఆనందంలో. రాఘవులు వచ్చాడు. మస్కట్‌లో ఆరేళ్ళు డ్రైవరుగా చేసి, ఆ వారమే సెలవుకి వచ్చిన ప్రకాశరావు కూడా వచ్చాడు. నేను కూడా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

కథలో ఆ పిల్ల తల్లి చుక్కల్లోంచి తిరిగొచ్చింది. పిల్ల వెళ్ళి ఇనపమ్మ వెనక దాక్కుంది. ఆ ఊళ్ళో ఒక చట్టం ఉందని అమ్మాజీ చెప్పింది. తల్లి తిరిగొస్తే, మర తలలో ఉన్న ఆ పిల్ల జ్ఞాపకాలన్నీ తుడిచెయ్యాలి. లేకపోతే ఇద్దరి మధ్యా పిల్ల నలిగిపోతుందని. ఇనపమ్మ తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చుంది. తల్లి దాని గుండె మీద చెయ్యి పెట్టింది. ఇనపమ్మ కళ్ళల్లో దీపం ఆరిపోయింది.

కొంచెం సేపటికి దీపం మళ్ళీ వెలిగింది. పిల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఇనపమ్మ తల వంచి పిల్లని చూసి, చిన్నగా ఒక మాట అంది.

అమ్మాజీ చెప్పలేదు. అందరూ తన వైపు చూస్తున్నారు. లీల తన మోచెయ్యి పట్టుకుని, "ఏవంది? ఇనపమ్మ ఏవంది?" అని కుదిపింది.

"అన్నం తిన్నావా అంది" అని చెప్పింది అమ్మాజీ.

"అయితే మర్చిపోలేదా?"

"లేదు. వాళ్ళమ్మ తుడవనివ్వలేదు. ఊరికే దీపం ఆర్పి వెలిగించింది, పెద్దోళ్ళ కళ్ళు కప్పడానికి."

"మరి ఆ పిల్లెందుకు ఏడుస్తంది?"

"సంతోషంతో."

రాఘవులు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ ఇనప దొరని వెయ్యమనలేదు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళకి తన క్యాసెట్టు గెలిచింది కదా అని నేను అమ్మాజీ మొహం చూశాను. అలాంటిదేమీ లేదు. టీవీ మీద గుడ్డ కప్పుతోంది.

ప్రకాశరావుని సాగనంపడానికి నేను గట్టు దాకా వెళ్ళాను. అతను బీడీ వెలిగించుకుని, ఇటూ అటూ చూసి అన్నాడు.

"టీచరుగారండీ, ఒక మాట. అక్కడ అనకూడదని ఊరుకున్నానండి. ఆ మర అన్నం తిన్నావా అనలేదండి."

"నీకు అంత అరబ్బీ వచ్చా?"

"ఎక్కువ రాదండి. టీవీ అరబ్బీ అయితే అసలు తెలీదు. కానీ ఆ ముక్క మాత్రం తెలుసండి. రోజుకి నాలుగు చోట్ల పోలీసోళ్ళు బండాపి నన్ను అడిగే మాటేనండి అది. నువ్వెవరు అనండి. ఆ మర పిల్లని చూసి, నువ్వెవరు పాపా అందండి. అందుకేనండి ఆ పిల్ల అలా ఏడ్చింది."

అంటే కథ రాసినవాళ్ళు ఇనపమ్మని నిజంగానే తుడిచేశారు. అదేమో తనంతట తనే కుర్చీలో కూర్చుంది, పిల్ల మంచి కోసం. నేను ఆలమూరు కాగితం మీద సంతకం పెట్టినట్టే.

ఇంటికి వచ్చేసరికి అమ్మాజీ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లీల పక్కింటికి ఆడుకోవడానికి వెళ్ళింది. ఎదురుగా కూర్చుని, "కథ మార్చేశావట" అన్నాను.

తను తలెత్తలేదు. "ప్రకాశరావు చెప్పేడా?"

"నాలుగు నెలలు ఊరందరితో దెబ్బలాడావు, ఆ కథ అంత గొప్పదని. చివరికి నువ్వే మార్చేస్తే ఎలాగే?"

"గొప్పదే అక్కా. ఇప్పటికీ అంటున్నాను, మొదటిదాని కన్నా వంద రెట్లు మంచిది. ఆ చివరి మాటొక్కటే ఆళ్ళకి చేతకాలేదు" అంది. చేట కింద పెట్టింది. "బావగారు చెప్పేరు, నువ్వు ఆలమూరుకి కాగితం పెట్టేవంట."

నేను చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాను.

"ఆ ఇనపమ్మ నేననుకున్నావు కదూ? అక్కడ ఆ ఇంట్లో నేనూ మరనే, కాదనను. వచ్చేసే రోజు ఆ దొరసాని పిల్లలిద్దర్నీ బజారుకి పంపేసి, ఆళ్ళు వచ్చేలోపల నన్ను కారెక్కించేసింది. ఏడుస్తారని. ఇమానంలో కూర్చుని అప్పుడనుకున్నాను. నేను మాత్రం మా అక్కకి ఈ పని చెయ్యను అని." ఒళ్ళో పడ్డ బియ్యపు గింజలు దులుపుకుంది. "నేను చుక్కల్లోంచి దిగొచ్చిన దాన్ని అక్కా. ఇనపమ్మవి నువ్వు. నాలుగు నెలల్నించి ఆ క్యాసెట్టు నీకోసమే వేస్తున్నాను, నువ్వు వంటింట్లోంచి బయటికి రావు. నువ్వు నిన్ను తుడిచేసుకుని పిల్లని నాకిస్తే, ఆ పిల్లని నేనేం చేసుకోను?"

నేను తన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నా మూలాన చదువు మానేసినది, నా తల నిమురుతూ కూర్చుంది. బియ్యం చేటకి కాలు తగిలి అంతా ఒలికిపోయింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఏరుకున్నాం.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. గుమాస్తా కారణం అడిగితే, ఇంట్లో ఒప్పుకోలేదు అని చెప్పాను.

జూన్‌లో డాబాలో ప్రార్థన పెట్టించి, లీలని తీసుకుని అమ్మాజీ కాలవ అవతలికి వెళ్ళింది. లీల తన పెట్టె తనే మోసుకుంది. వంతెన మీద ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, నేను చెయ్యి ఊపాను. ఆ రోజు ఇంట్లో ఇద్దరికి అన్నం వండడానికి ఎన్ని బియ్యం పొయ్యాలో నాకు తెలియలేదు. ఎక్కువ పోసేశాను. మా ఆయన రెండు పూటలూ అదే తిన్నారు. ఇదే రోజూ ఉండబోతోందని నాకు నేను చెప్పుకుని పడుకున్నాను.

మర్నాడు బడులు తెరిచారు. ఏడున్నరకి నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే గుమ్మంలో చప్పుడైంది. అమ్మాజీ, పక్కన యూనిఫాంలో లీల, జుట్టంతా విరబోసుకుని. అమ్మాజీ చేతిలో దువ్వెన, రెండు ఎర్ర రిబ్బన్లు.

"అక్కా, దీనికి జడలు వెయ్యవా. పొద్దున్నించి చూస్తున్నాను, నాకు చేతకాట్లేదు. వంకరగా వస్తన్నాయి."

లీల అప్పటికే వచ్చి నా మోకాళ్ళ ముందు, మెట్టు మీద కూర్చుంది. నేను అమ్మాజీ మొహం కేసి చూశాను. ఎనభై రెండు తర్వాత కువైట్ నుంచి తను పంపిన ఫొటోలన్నీ నా బీరువాలో ఉన్నాయి. ఆ ఇంటి పెద్దపిల్లకి ఒక్కో ఫొటోలో ఒక్కో రకం జడ. రెండు జడలు, నాలుగు పాయల జడ, చుట్టూ తిప్పి కట్టిన జడ. ఒక్క వెంట్రుక చెదరకుండా అన్నీ అమ్మాజీ చేత్తో వేసినవే. ఆ సంగతి నాకు తెలుసని తనకీ తెలుసు.

"ఇలా తే" అని దువ్వెన అందుకున్నాను.

లీల పదో తరగతి పూర్తయ్యేదాకా అమ్మాజీకి జడ వెయ్యడం రాలేదు.